నిర్ణయం అయిపోయింది, ఇక మార్పు లేదు

మార్చి 3, ఆదివారం

గెలిచాం. గెలిచాం, గెలిచాం, గెలిచాం! మంచం మీద గెంతుతూ రాస్తున్నాను. ఈ రాత రేపు నాకే అర్థం కాదు. కాకపోతే పోనీ.

ఐదో సెట్, పద్నాలుగు పదమూడు. అవతలివాళ్ళు కొట్టిన బంతి నేలకు వేలెడు దూరంలో ఉండగా నా గదిలోనే ఉండే మా పొట్టి బఠాణీ ఎక్కణ్ణుంచో దూకి లేపింది, సెట్టర్ పైకి పెట్టింది, నేను కొట్టాను. నేను కొట్టాను! ఎన్నో ఏళ్ళుగా ఇంజినీరింగ్ కాలేజీ అలమారాలో కూర్చున్న వాలీబాల్ కప్పు మా పశువైద్య కళాశాలకు వచ్చింది. అందరూ కలిసి నన్ను భుజాల మీదికి ఎత్తబోయారు. ఎత్తారు కూడా, కానీ నా కాళ్ళు నేల మీదే ఉండిపోయాయి. "ఒసేయ్ జిరాఫీ, మడుచుకోవే!" అని కింద నుంచి బఠాణీ ఒకటే అరుపు.

అసలు సంగతి ఇది కాదు. బట్టలు మార్చుకుని బయటికొస్తే ఒకాయన నిలబడి ఉన్నాడు. అంత ఉక్కలో కోటు వేసుకున్నాడు.

"చేయి చాపమ్మా" అన్నాడు. చాపాను. కొనబోయే దుప్పటిని చూసినట్టు ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. "మా క్లబ్బులో ఆడతావా? మూడేళ్ళ ఒప్పందం. జూన్‌లో చేరాలి. పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు. చదువూ ఆటా రెండూ అంటే మాత్రం కుదరదు."

"నేను మూడో ఏడాది సార్. ఇంకా రెండేళ్ళుంది."

"ఆవులు ఎక్కడికీ పోవమ్మా."

ప్రపంచంలో ఇంతకన్నా నవ్వొచ్చే మాట లేదనిపించింది. గోడకు ఆనుకుని నవ్వాను. కోటు సార్ కాస్త భయపడి, నెలాఖరుకల్లా చెప్పమని కార్డు ఇచ్చి వెళ్ళిపోయాడు. పెద్ద క్లబ్బు! టీవీలో వచ్చే క్లబ్బు! నన్ను!

మార్చి 4

నిర్ణయం అయిపోయింది. వెళ్తున్నాను. ఇక మార్పు లేదు.

మార్చి 5

క్లాసులో కూర్చుని సంతకం ప్రాక్టీసు చేశాను. అభిమానులు అడిగితే గబగబా పెట్టేలా ఉండాలి కదా. మేక మూత్రపిండం బొమ్మ చుట్టూ నా సంతకాలే.

ఆఫీసుకు వెళ్ళి ఊరికే అడిగాను. గుమాస్తా చెప్పాడు: ఒక్క ఏడాది వరకూ సెలవు ఇస్తారు, అది దాటితే సీటు పోతుంది, మళ్ళీ ప్రవేశ పరీక్ష రాసుకోవాల్సిందే. అదేం పెద్ద విషయం కాదు. ఆ పరీక్ష రెండుసార్లు రాసి తెచ్చుకున్నాను. మూడోసారి రాస్తే అరిగిపోతానా.

మార్చి 9, శనివారం

ఇంటికి వచ్చాను. అమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. సంగతి విని మా వీధి మలుపు నుంచి ఇంటి దాకా హారన్ మీద చేయి తీయలేదట. బస్సులో పిల్లలంతా చెవులు మూసుకుని ఒకటే కేరింతలట. ఇంట్లోకి వచ్చాక ఇల్లు పీకి పందిరి వేసింది.

"నా కూతురు టీవీలో! ఏమండీ, విన్నారా? టీవీలో!"

నాన్న కుట్టుమిషను దగ్గర నుంచి లేవలేదు. దారం పంటితో తెంపి, "చదువో?" అన్నారు.

"చదువు ఎప్పుడైనా చదవచ్చు. ముప్పై ఏళ్ళొచ్చాక ఎగరగలదా ఇది?" అంది అమ్మ.

"ఎగరలేదు. ముప్పై ఏళ్ళొచ్చాక ప్రవేశ పరీక్ష మాత్రం రాయగలదా?"

"మోకాళ్ళు ఆగవండీ, పుస్తకాలు ఆగుతాయి."

"ఆగని మోకాళ్ళను నమ్ముకుని వెళ్ళమంటావు."

నాయనమ్మకు చెవి సరిగ్గా వినపడదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పెళ్ళికొడుకు ఎంత పొడుగు?" అని అడిగింది. కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నాన్న కూడా నవ్వారు. తరువాత టేపు తీసి నా కాళ్ళు కొలిచారు. నాకు సరిపడే ప్యాంటు ఏ దుకాణంలోనూ దొరకదు, పదేళ్ళ వయసు నుంచీ ఆయనే కుడుతున్నారు. "ఎక్కడికి వెళ్ళినా ఇంత బట్ట పట్టేది మారదు కదా, కుట్టి ఉంచుతాను" అన్నారు.

నాన్న అలా అన్నారంటే ఒప్పుకున్నట్టే. నేను అలాగే అనుకుంటున్నాను.

మార్చి 11

బఠాణీకి మొత్తం చెప్పాను. ఒప్పందం, హాలు, టీవీ, జూన్. చాలా సంతోషించింది. సంతోషంగా ఉందని మూడుసార్లు చెప్పింది. తరువాత బకెట్టు తీసుకెళ్ళి తన బట్టలన్నీ ఉతికింది, నా సాక్సులు కూడా ఉతికింది. మూడేళ్ళలో బఠాణీ బట్టలు ఉతకడం చూడలేదు. పొద్దున ఎనిమిదింటి క్లాసుకు కూడా లేవని మనిషి. ప్రాక్టీసు ఉంటే మాత్రం ఐదింటికే నా దుప్పటి లాగేస్తుంది.

సాక్సులు చాలా తెల్లగా వచ్చాయి.

మార్చి 14, గురువారం

ఒంటి మీద ఇంకా ఆ వాసన ఉంది. పోవడం లేదు. పోకపోయినా ఫరవాలేదు!

పశువుల కాన్పుల పాఠం చెప్పే మేడమ్ మమ్మల్ని ఊరి బయటి డెయిరీకి తీసుకెళ్ళారు. ఈత కష్టమైన ఆవు. దూడ తలా ఒక ముందుకాలూ దారిలో ఉన్నాయి, రెండో కాలు వెనక్కి మడతపడింది. మేడమ్ నాలుగున్నర అడుగుల మనిషి. తొడుగు వేసుకుని భుజం దాకా చేయి పెట్టారు, బుగ్గ ఆవుకు ఆనించారు, మునివేళ్ళ మీద నిలబడ్డారు. "అందడం లేదు. వేలెడు తక్కువైంది" అని మా వైపు చూశారు. అందరూ నా వైపు చూశారు. బఠాణీ అయితే అప్పటికే రంగు మారి, గడ్డిమోపు మీద కూర్చుని ఉంది.

"రామ్మా పొడుగమ్మాయీ."

పెట్టాను. లోపల వేడి, చీకటి. ఆవు నొప్పి తీసినప్పుడల్లా చేయి తలుపు సందులో పడ్డట్టు నలిగిపోతుంది. తల ప్రాణం తోకకొచ్చింది, నాదీ ఆవుదీ కూడా.

"దూడ నోట్లో వేలు పెట్టి చూడు. చప్పరిస్తే బతికున్నట్టు" అన్నారు మేడమ్.

వెతికాను. నోరు దొరికింది. వేలు పెట్టాను. ఏమీ లేదు. ఏమీ లేదు. అప్పుడు, చప్పరించింది! ఇంకా ఈ లోకంలోకి రాని ప్రాణి నా వేలు పట్టుకుని చప్పరించింది!

"బతికుంది మేడమ్!" అని అరిచాను. ఆవు ఉలిక్కిపడింది.

"దాని చెవిలో కాదు. సరే, దూడను వెనక్కి నెట్టు. ఇప్పుడు ఆ కాలు పట్టుకో. డెక్కను అరచేతిలో మూసిపెట్టు, లేకపోతే గర్భసంచి చీరుకుంటుంది. నిదానంగా లాగు. నిదానంగా."

ఎంతసేపు పట్టిందో తెలియదు. కాలు ముందుకు వచ్చింది. అందరం కలిసి లాగాం. దూడ, నీళ్ళు, నేను, అందరం ఒకేసారి కింద పడ్డాం. ముక్కులో గడ్డిపరక పెట్టి కితకితలు పెడితే తుమ్మింది. దూడ తుమ్ము విన్నవాళ్ళెవరైనా ఉన్నారా? నేను విన్నాను! ఆవు దాన్ని నాకింది, పక్కనే ఉన్నాను కదా అని నన్నూ నాకింది.

తిరిగొచ్చి బస్సు దిగేటప్పుడు మేడమ్, "కప్పు గెలిచారటగా. అభినందనలు" అన్నారు. ఎవరు చెప్పారో, ఇంకేం చెప్పారో.

మార్చి 15

నిన్నటి దానికీ నిర్ణయానికీ ఏ సంబంధమూ లేదు.

మార్చి 17

రేపటి నుంచి వారం రోజులు క్లబ్బులో ట్రయల్, ఒప్పందానికి ముందు ఆడించి చూస్తారట. ఒంటరిగా వెళ్ళవద్దని అమ్మ పట్టుబట్టింది. బఠాణీ తోడు వస్తోంది. తన సంచిలో మోకాలి పట్టీలు ఎందుకు పెట్టుకుందో. అడిగితే, "ఊరికే, అలవాటు" అంది.

ఇప్పటికి పందొమ్మిది మంది సలహా అడిగాను, హాస్టలు వాచ్‌మన్‌తో సహా. తలా ఒక మాట. వెళ్ళమన్నవాళ్ళు తొమ్మిది మంది, వద్దన్నవాళ్ళు తొమ్మిది మంది. వాచ్‌మన్ గేటు మూసే టైమైంది, లోపలికి పొమ్మన్నాడు.

మార్చి 18, సోమవారం

హాలు! చెక్క నేల అద్దంలా ఉంది. నా అలమారా మీద నా పేరు అంటించారు. ఒకామె నా దప్పిక చూసి నేను అడగకుండానే నీళ్ళు తెచ్చింది. కొత్త చొక్కా, కొత్త బూట్లు, వెనక నంబరు పదిహేడు. అద్దంలో వీపు చూసుకోబోయి మెడ పట్టేసింది.

ఆట బాగా ఆడాను.

మార్చి 19

బాగానే ఆడాను.

మార్చి 20

నిన్నా మొన్నా రాసింది అబద్ధం. నా డైరీకి నేనే అబద్ధం చెప్పడం ఏమిటి, నవ్వొస్తోంది.

కొట్టిన ప్రతి బంతీ తిరిగి నా మొహం మీదికే వచ్చింది. వీళ్ళ కెప్టెనక్కకు ముప్పై నాలుగేళ్ళు, నాకన్నా బెత్తెడు పొట్టి. నేను ఎటు కొడతానో నాకన్నా ముందే ఆమెకు తెలుస్తుంది. కాలేజీలో నేను ఏనుగును, ఇక్కడ చీమను. కానీ ఎంత బాగుందో! చీమగా ఉండడం ఇంత బాగుంటుందని తెలియదు. సాయంత్రానికి ఒక్క బంతి, ఒకే ఒక్కటి, ఆమె చేతులు దాటించాను. కెప్టెనక్క "ఊఁ" అంది. ఆ ఊఁ కోసం జీవితాంతం ఇక్కడే పడి ఉండవచ్చు.

వాళ్ళ లిబెరోకు జ్వరమట. వెనక నిలబడి పడే బంతులు లేపడానికి ఎవరో ఒకరు కావాలంటే బఠాణీ వెళ్ళి నిలబడింది. తనూ కొంచెం ఆడింది.

మార్చి 21, గురువారం

భోజనాల దగ్గర కెప్టెనక్క పక్కన చోటు దొరికింది. అడిగేశాను.

"అక్కా, నువ్వు కాలేజీ మానేసి వచ్చావా?"

"పందొమ్మిదేళ్ళకు."

"తప్పు చేశానని అనిపించిందా?"

"లేదు."

"అయితే నన్నూ మానెయ్యమంటావా?"

"అననమ్మా. నాతో వచ్చినవాళ్ళు ఐదుగురు. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. మిగతా నలుగురిని అడిగితే వేరే చెబుతారు." గుడ్డు పెంకు తీస్తూ నన్ను చూసింది. "సరే, ఇక్కడ నీకేం నచ్చింది?"

చెప్పాను. హాలు, అలమారా మీద పేరు, చొక్కా, పదిహేడో నంబరు, ఆమె ఊఁ, టీవీ.

"బంతి గురించి చెప్పలేదేం?" అంది.

భలే జోకు. ఇద్దరం బాగా నవ్వాం. నేను కాస్త ఎక్కువ నవ్వాను.

మార్చి 22

సరే, రాస్తాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

బఠాణీ కొంచెం ఆడలేదు. మూడు రోజులుగా ఈ హాల్లో ఎవరు ఏం కొట్టినా నేలకు తగలనివ్వడం లేదు. కెప్టెనక్క కొట్టిన బంతులు కూడా. దొర్లుతుంది, జారుతుంది, కాలితో లేపుతుంది, బెంచీల కింద నుంచి లేపుతుంది. మోచేతులు కొట్టుకుపోయాయి. మొహం మాత్రం దీపంలా ఉంది. మూడేళ్ళుగా తను నా వెనకే నిలబడింది. వెనక్కి తిరిగి నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ అటు పక్క జట్టులో ఉండి చూశాను.

సాయంత్రం క్లబ్బు కోచ్ వచ్చి, "అమ్మాయీ, నువ్వు కూడా జూన్‌లో మాతో…" అన్నాడు.

"వస్తాను" అంది బఠాణీ.

అంతే. వాక్యం కూడా పూర్తి కాలేదు! ఎన్నేళ్ళు, ఏమిటి, ఎక్కడ ఉండాలి, ఏమీ అడగలేదు. ఎవరికీ ఫోను చేయలేదు. నేను పందొమ్మిది మందిని అడిగాను, బఠాణీ తనను తాను కూడా అడగలేదు.

వీధిలోకి వచ్చాక చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగాం. తను నా నడుం దాకా వస్తుంది, చూసేవాళ్ళకు గడకర్ర చుట్టూ బొంగరం తిరిగినట్టు ఉండి ఉంటుంది. "నీకు కోపం లేదు కదే?" అంటుంది, నవ్వుతుంది, మళ్ళీ, "నీకు కోపం లేదు కదే?" అంటుంది.

లేదు. కొంచెం ఉంది. లేదు.

మార్చి 24, ఆదివారం

తిరిగి హాస్టలుకు. ఇద్దరం కలిసి వెళ్తాం. ఒకే గది అడుగుతాం. ఇంతకన్నా ఏం కావాలి! నిర్ణయం అయిపోయింది, ఇక మార్పు లేదు.

సాయంత్రం ఊరికే నడుస్తూ నడుస్తూ డెయిరీ దాకా వెళ్ళాను. దూడ నన్ను గుర్తుపట్టలేదు. దాని మెడ కింద గోకుతూ చాలాసేపు కూర్చున్నాను. డెయిరీ యజమాని వచ్చి, "పాలు కావాలా?" అని అడిగాడు. వద్దన్నాను. "మరి?" అన్నాడు. లీటరు పాలు కొనుక్కుని వచ్చాను.

మార్చి 26

బఠాణీ వాళ్ళ నాన్నగారు వచ్చారు. ఆయనా పశువుల డాక్టరే. కూతురు డాక్టరయితే ఇద్దరూ కలిసి ఆసుపత్రి పెట్టాలని, ఇప్పటి క్లినిక్ తలుపుకు ఒక పక్క కూతురి పేరుకు చోటు ఖాళీగా ఉంచి తన పేరు ఒక్కటే రాయించుకున్నారట. హాస్టలు వరండాలో నిలబడి మాట్లాడారు. నేను లోపల పుస్తకం తలకిందులుగా పట్టుకుని విన్నాను.

"మూడేళ్ళు చదివాక మానేస్తానంటే మాటలా? గట్టు దగ్గరికొచ్చి మునగడమా?"

"గట్టు దగ్గర లేను నాన్నా. మూడు సబ్జెక్టులు తప్పాను."

"మళ్ళీ రాస్తే పోతాయి."

"నేను చిన్నప్పటి నుంచీ దేనికైనా పొద్దున్నే లేచానా? చెప్పండి."

"లేవలేదు. మీ అమ్మ నీళ్ళు చల్లినా లేవలేదు."

"బంతికి లేస్తున్నాను నాన్నా. ఎవరూ లేపకుండా."

ఆయన చెప్పుల చప్పుడు వరండా చివరి దాకా వెళ్ళి వచ్చింది. తరువాత ఆయన, "దెబ్బ తగిలితే?" అన్నారు.

"మీరున్నారుగా."

"నేను పశువుల డాక్టర్నే!"

"నేనేమన్నా పశువుకు తక్కువా?"

ఆయన నవ్వారో ఏడ్చారో ఇటు నుంచి కనబడలేదు. సాయంత్రం మైదానానికి వచ్చి, చేతులు కట్టుకుని, చివరి దాకా చూశారు. వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఇది నిజంగా అంత బాగా ఆడుతుందా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"నాకన్నా బాగా ఆడుతుందండీ."

అనేశాను. మొదటిసారి పైకి అన్నాను. భూమి ఏమీ బద్దలు కాలేదు.

మార్చి 28

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళవద్దంటారని ఆశపడి వెళ్ళాను, ఒప్పుకుంటున్నాను. ఆమె వద్దనలేదు. "నేను చెబితే ఇరవయ్యోదాన్ని అవుతాను. వెళ్ళి పని చూసుకో. మేక పిల్లకు కట్టు విప్పాలి" అన్నారు. లెక్క ఆమెకెలా తెలిసిందో. వాచ్‌మన్ చెప్పి ఉంటాడు.

మేక పిల్లకు కట్టు విప్పాను. కుంటకుండా నడిచింది. నేనూ దానితో పాటు వరండా చివరి దాకా గంతులేశాను.

మార్చి 30, శనివారం

కోటు సార్‌కు ఫోను చేశాను.

"రావడం లేదు సార్."

"ఎవరైనా ఎక్కువ ఇస్తామన్నారా?"

"లేదు సార్. చదువుకుంటాను."

"రెండేళ్ళ తరువాత నిన్ను ఎవరు పిలుస్తారమ్మా?"

"ఎవరూ పిలవకపోవచ్చు సార్."

"ఆ చేయి వృథా" అన్నాడు. "లేదు సార్, మొన్ననే ఒక దూడను…" అని మొదలుపెట్టాను. ఫోను పెట్టేశాడు.

ఏడవలేదు. ల్యాబులో వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండాయి. ఫోను చేసింది క్యాంటీన్ నుంచే అనుకోండి.

బఠాణీ విని, "పిచ్చిదానా, గోడ మీద పిల్లీ, జిరాఫీ" అని నోటికొచ్చిన జంతువులన్నీ తిట్టి, నా భుజం తడిపేసింది. అందుకోవడానికి మంచం ఎక్కింది.

ఏప్రిల్ 6

అమ్మ నాతో మాట్లాడడం లేదు. నాన్నతో చెప్పి నాకు చెప్పిస్తోంది. "భోజనానికి రమ్మనండి ఆ డాక్టరుగారిని." నాన్న కొత్త ప్యాంటు ఇచ్చారు. మోకాళ్ళ దగ్గర రెండు పొరలు వేసి కుట్టారు. "ఆటకా, కొట్టానికా?" అని అడిగితే, "మోకాళ్ళకు" అన్నారు.

రాత్రికి అమ్మ తట్టుకోలేక, "టీవీలో ఆ పొట్టిపిల్లనైనా చూపిస్తారా?" అంది. చూపిస్తారన్నాను. "మన పిల్లే కదా" అని హారన్ అంత శబ్దంతో ముక్కు చీదింది.

జూన్ 2

బఠాణీ వెళ్ళింది. బస్సు కిటికీలోంచి చేయి ఊపుతూ ఏదో అరిచింది. వినపడలేదు. నేనూ ఏదో అరిచాను. గదిలో రెండో మంచం ఉంది.

జూన్ 3

ఐదింటికి మెలకువ వచ్చింది. దుప్పటి ఎవరూ లాగలేదు.

జూలై 21

కోటు సార్ నంబరు ఫోనులోంచి తీసేశాను. కార్డు మీద ఉంది, మళ్ళీ ఎక్కించాను. తీసేశాను.

ఆగస్టు 18, ఆదివారం

కాలేజీల పోటీల్లో మొదటి రౌండులోనే ఓడిపోయాం. వెనక్కి పడిన బంతులన్నీ నేలనే పడ్డాయి. నేను కొట్టినవి మాత్రం అడ్డుపెట్టినవాళ్ళ చేతులు దాటి పడ్డాయి, కెప్టెనక్క పుణ్యమా అని. ఓడినా బస్సులో గొంతులు పోయేదాకా పాటలు పాడాం. డ్రైవరు రెండుసార్లు బస్సు ఆపి దిగిపొమ్మన్నాడు.

హాస్టలుకు రాగానే మేడమ్ కబురు: ఇంకో ఆవు. అలాగే పరుగెత్తాను, ఆట బట్టల్లోనే. కవల దూడలు! రెండూ బతికాయి. రెండోది వచ్చాక తల్లి సంబరంలో వెనక్కాలు విదిలించింది, నా తొడ మీద డెక్క అచ్చు పడింది, ఊదారంగులో, ముద్ర కొట్టినట్టు.

కుంటుకుంటూ గదికి వస్తే ఫోను మోగుతోంది. బఠాణీ.

"ఒసేయ్! చూశావా? ఇవాళ మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా ఆడనిచ్చారు! అవతలి పొడుగుది కొట్టిన బంతి ముక్కుకు తగిలింది! ఒకటే రక్తం! బంతి మాత్రం లేచిందే, లేచింది, మేం పాయింటు కొట్టాం!" ముక్కులో దూది పెట్టుకుని మాట్లాడుతోంది, సగం అర్థం కాలేదు. "నొప్పి చంపేస్తోందే. ఇంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు. నీకెలా ఉంది?"

తొడ మీద చేయి వేసి చూసుకున్నాను. భగ్గుమంది.

"నన్ను ఆవు తన్నిందే!" అన్నాను.

ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. తను ముక్కు పట్టుకుని, నేను కాలు పట్టుకుని, పక్క గదులవాళ్ళు తలుపులు బాదేదాకా నవ్వాం.